సిటీ బైక్ తీయడం నుంచి తిరిగి డాక్‌లో పెట్టేదాకా: న్యూయార్క్, జెర్సీ సిటీల్లో కొత్తగా సైకిలెక్కేవారికి

న్యూయార్క్‌కో జెర్సీ సిటీకో కొత్తగా వచ్చిన మనవాళ్లు సిటీ బైక్ (వీధుల్లోని స్టేషన్లలో డాక్ అనే లాక్ స్టాండ్ నుంచి తీసుకుని, ఏ స్టేషన్‌లోనైనా తిరిగి పెట్టే అద్దె సైకిల్) గురించి అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి రెండింటి దగ్గరకే వస్తాయి. అనుకున్నదానికన్నా డబ్బు ఎందుకు ఎక్కువ కట్ అయింది? ఈ ట్రాఫిక్‌లో దెబ్బ తగలకుండా ఎలా తొక్కాలి? ఈ రెండింటికీ జవాబు చాలావరకు సైకిలెక్కక ముందు చేసుకునే ఏర్పాట్లలోనే ఉంది. అందుకే ఇక్కడ ఆ భాగం కాస్త ఎక్కువగా ఉంటుంది.

ఇందులో చెప్పినవి మాన్‌హాటన్, బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, జెర్సీ సిటీ, హొబోకెన్‌లలో నడిచే సిటీ బైక్‌కు వర్తిస్తాయి. ఇవన్నీ ఒకే వ్యవస్థ, ఒకే యాప్. కానీ రోడ్డు నియమాలు మాత్రం రెండు రాష్ట్రాలవి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

1. ఇంట్లో ఉండగానే తేల్చుకోవాల్సినవి

సైకిల్ తీసుకోవాలంటే 16 ఏళ్లు నిండి ఉండాలి. ఫోన్‌లో సిటీ బైక్ యాప్, అందులో చెల్లే కార్డు ఉండాలి. ఒక సైకిల్‌పై ఒక్కరే. ముందు బుట్టలో పిల్లల్ని కూర్చోబెట్టడం, వెనక మడ్‌గార్డ్ మీద స్నేహితుణ్ణి ఎక్కించుకోవడం కుదరవు. ఆ బుట్ట చిన్న బ్యాగు కోసమే.

డబ్బు విషయంలో ఇవి గుర్తుంచుకోండి:

- సింగిల్ రైడ్, డే పాస్‌లలో మామూలు సైకిల్‌కు ఒక్కో రైడ్ 30 నిమిషాలు. వార్షిక సభ్యులకు 45 నిమిషాలు. ఆపైన ప్రతి నిమిషానికీ అదనపు చార్జీ.
- డే పాస్ ఉంటే 24 గంటల్లో ఎన్ని రైడ్లయినా చేయొచ్చు. కానీ రోజంతా ఒకే సైకిల్ దగ్గర పెట్టుకోవడానికి కాదు. ప్రతి రైడ్‌కూ 30 నిమిషాల గడువు విడిగా లెక్కిస్తారు.
- ఈ-బైక్‌కు (మోటారు సాయంతో నడిచే సైకిల్) సభ్యత్వం ఉన్నా నిమిషానికింత అని పడుతుంది. "మెంబర్‌షిప్ ఉందిగా, ఫ్రీ" అనుకుని ఈ-బైక్ తీసేవాళ్లే బిల్లు చూసి ఎక్కువగా కంగారు పడతారు.
- సైకిల్ తిరిగి రాకపోతే 1,200 డాలర్లు, దానిపై పన్ను కట్టాలి. డాక్‌లో సరిగ్గా లాక్ కాని సైకిల్‌కు బాధ్యత మీదే.

ధరలు మారుతుంటాయి కాబట్టి అన్‌లాక్ చేసేముందు యాప్ చూపించే రేటు చదవండి. వార్షిక సభ్యత్వం లాభమా కాదా తేల్చుకోవడానికి దాని ధరను సింగిల్ రైడ్ ధరతో భాగించండి. వచ్చిన సంఖ్యకన్నా ఎక్కువసార్లు ఏడాదిలో తొక్కుతాననుకుంటేనే తీసుకోండి. ఆ లెక్కలో జనవరి, ఫిబ్రవరి చలి నెలల్ని తీసేయడం మంచిది.

దారి కూడా ఇంట్లోనే చూసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో కారు దారి కాకుండా సైకిల్ గుర్తు నొక్కి చూడండి. సైకిల్ లేన్ ఉన్న వీధి కోసం రెండు మూడు బ్లాకులు చుట్టు తిరిగినా నష్టం లేదు. గమ్యం దగ్గరున్న స్టేషన్‌లో ఖాళీ డాకులు ఎన్ని ఉన్నాయో యాప్‌లో చూసి, దానికి తోడు ఇంకో స్టేషన్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. పొద్దున పూట ఆఫీసులున్న మిడ్‌టౌన్‌లో ఖాళీ డాకులు దొరకవు, సాయంత్రం ఇళ్లున్న వీధుల్లో దొరకవు.

జెర్సీ సిటీ నుంచి మాన్‌హాటన్‌కు సైకిల్ మీద హాలండ్ టన్నెల్ గుండా వెళ్లలేరు. గ్రోవ్ స్ట్రీట్ పాత్ (PATH, న్యూజెర్సీ-మాన్‌హాటన్ మధ్య నడిచే రైలు) స్టేషన్ దాకా తొక్కి, అక్కడ డాక్ చేసి, రైలెక్కి, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి ఇంకో సైకిల్ తీసుకోండి. సిటీ బైక్‌ను రైల్లోకి ఎక్కించకండి.

హెల్మెట్ వాళ్లు ఇవ్వరు. పెద్దవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ మామూలు సైకిల్‌కు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, న్యూజెర్సీలో 17 ఏళ్లలోపు వారికి తప్పనిసరి. చట్టం అడగకపోయినా కొనుక్కోండి. అమెరికాలో అమ్మే సైకిల్ హెల్మెట్ లోపల సీపీఎస్‌సీ (అమెరికా ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా సంస్థ) ప్రమాణానికి సరిపోతుందనే లేబుల్ ఉండాలి. పెట్టుకున్నాక ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్లే పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్లకు మించి దూరకూడదు. నుదురంతా కనబడేలా వెనక్కి పెట్టుకుంటే ముందుకు పడినప్పుడు దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు.

2. ముందుగా మార్చుకోవాల్సిన మన అలవాట్లు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి సైకిల్, స్కూటీ నడిపినవాళ్లకు బాగా వచ్చన్న ధైర్యం ఉంటుంది. ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఆ అనుభవమే, ఎందుకంటే ఉలిక్కిపడిన క్షణంలో చేయి పాత అలవాటునే పాటిస్తుంది.

బ్రేకులు. మన దేశంలో సైకిళ్లకు సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. స్కూటీలోనూ కుడిచేతిదే ముందు బ్రేకు. అమెరికాలో ఇది తిరగబడుతుంది: ఎడమచేతిది ముందు, కుడిచేతిది వెనక. వెనక బ్రేకే కదా అని ఎడమచేత్తో గట్టిగా నొక్కితే ముందు చక్రం పట్టేస్తుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు తూలతాడు.

చేతికి తెలిసిరావాలంటే సైకిల్ దిగి, నడిపిస్తూ ఒక్కో బ్రేకు నొక్కి చూడండి. ఎడమది నొక్కితే సైకిల్ ముందు చక్రం దగ్గర ఆగి వెనక భాగం లేవాలని చూస్తుంది. కుడిది నొక్కితే వెనక చక్రం ఈడుస్తుంది. తర్వాత ఖాళీ చోట నెమ్మదిగా తొక్కుతూ పది పన్నెండు సార్లు రెండూ కలిపి మెల్లగా నొక్కి ఆపండి. రెండూ కలిపి నొక్కడం అలవాటైతే ఏది ఏ వైపుదన్న గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

రోడ్డు వైపు. ఇక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. రెండు వైపులా వాహనాలు నడిచే వీధిలో మీకు ముందుగా ఎదురయ్యే కారు ఎడమ నుంచి వస్తుంది. మన కళ్లు అలవాటుగా కుడివైపు చూస్తాయి. డాక్ దగ్గర్నుంచి రోడ్డు మీదకు దిగేముందు ఎడమ, కుడి, మళ్లీ ఎడమ చూడండి.

మలుపులు. కుడి మలుపు తేలిక, ఎడమ మలుపు కష్టం. మన ఊళ్లో కుడివైపు తిరగడం ఎలాగో ఇక్కడ ఎడమవైపు తిరగడం అలాగ. దాని పద్ధతి 6వ భాగంలో ఉంది.

రాంగ్ రూట్. "రెండు బ్లాకులే కదా" అని ఎదురుగా వెళ్లడం ఇక్కడ నిజంగా ప్రమాదం. మాన్‌హాటన్‌లో ఎక్కువ వీధులు వన్‌వే కాబట్టి, కారు తిప్పుతున్న డ్రైవర్ వాహనాలు వచ్చే ఒక్క వైపే చూస్తాడు. ఎదురుదారిలో వచ్చే మీరు అతనికి కనబడరు.

3. సైకిల్ ఎంచుకోవడం: ఒక్క నిమిషం పరీక్ష

డబ్బు కట్టేముందు, సైకిల్ డాక్‌లో ఉండగానే చూడండి:

- సీటు వెనక్కి తిప్పి ఉందా? ఆ సైకిల్ పాడైందని ముందు తొక్కినవాళ్లు ఇచ్చే గుర్తు అది. వదిలేయండి.
- డాక్ మీద ఎర్ర లైటు ఉందా? అది రాదు.
- రెండు టైర్లనూ బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి పోతే గాలి లేనట్టే.
- రెండు బ్రేకులూ నొక్కండి. లివర్ హ్యాండిల్ గొట్టానికి తాకితే ఆ సైకిల్ వద్దు.
- పెడళ్లు ఊడినట్టు ఊగుతున్నాయా? చైన్ వేలాడుతోందా?
- సీటు క్లాంప్ తెరిచి మూసి చూడండి. బిగించినా సీటు తిరుగుతుంటే దారిలో కిందికి జారిపోతుంది.
- బెల్ మోగుతోందా?

పాడైన సైకిల్ కనబడితే డాక్ మీదున్న స్పానర్ బొమ్మ బటన్ నొక్కండి. మీ తర్వాత వచ్చేవాళ్లు దాన్ని తీయకుండా ఉంటారు.

సీటు ఎత్తు: సైకిల్ పక్కన నిలబడితే సీటు తుంటి ఎముక ఎత్తుకు రావాలి. ఎక్కాక పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు గొట్టం మీద అంకెలుంటాయి, మీకు సరిపోయే అంకె గుర్తుంచుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. మనవాళ్లు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు బాగా కిందికి దించుతారు. అలా తొక్కితే పది నిమిషాల్లో మోకాళ్లు లాగుతాయి. మామూలు సైకిల్ దాదాపు 20 కిలోలుంటుంది, ఆ బరువును వంగిన మోకాళ్లతో నెట్టడం కష్టం.

మామూలు సైకిలా, ఈ-బైకా? మొదటి కొన్నిసార్లు మామూలు సైకిలే తీసుకోండి. ఈ-బైక్ పెడల్ మీద కాలు మోపగానే ముందుకు దూకుతుంది. సిగ్నల్ దగ్గర నిలబడి ఊరికే పెడల్ నొక్కితే జనం మీదికి వెళ్తుంది. 2025లో సిటీ బైక్ ఈ-బైక్‌ల గరిష్ఠ వేగాన్ని గంటకు 15 మైళ్లకు, అంటే సుమారు 24 కిలోమీటర్లకు తగ్గించారు. కొత్తవాళ్లకు అదీ ఎక్కువే.

4. డాక్ నుంచి తీయడం

1. ముందుగా హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు బుట్టలో పెట్టి పట్టీ లాగండి. అన్‌లాక్ చేసిన దగ్గర్నుంచి గడియారం నడుస్తుంది.
2. యాప్‌లో అన్‌లాక్ నొక్కి, సైకిల్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి.
3. రేటు చూసి ఒప్పుకోండి.
4. డాక్ మీద ఆకుపచ్చ లైటు వచ్చేదాకా ఆగండి.
5. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు పట్టి, వెనక భాగం కాస్త ఎత్తి ఒక్కసారిగా వెనక్కి లాగండి. మెల్లగా లాగితే ఊడి రాదు, కాసేపటికి మళ్లీ లాక్ అవుతుంది.
6. ఫోన్ జేబులో పెట్టి, సైకిల్‌ను ఫుట్‌పాత్ మీద నడిపించి రోడ్డు మొదట్లో ఎక్కండి.

ఆకుపచ్చ వచ్చినా సైకిల్ రాలేదనుకోండి. వెంటనే వేరేది తీయకండి. యాప్‌లో రైడ్ మొదలైందో లేదో చూడండి. మొదలైనట్టు చూపిస్తుంటే అక్కడే యాప్ ద్వారా ఫిర్యాదు చేయండి.

రాత్రిపూట లైట్లకు బ్యాటరీ పెట్టే పనిలేదు. తొక్కుతుంటే ముందు తెల్లది, వెనక ఎర్రది వెలుగుతాయి. నాలుగడుగులు నడిపించి, వెనక్కి వంగి ఎర్ర లైటు చూసుకున్నాకే బయల్దేరండి.

5. మొదటి రైడ్ ఎక్కడ?

మాన్‌హాటన్ పడమటి అంచున నది వెంట సాగే హడ్సన్ రివర్ గ్రీన్‌వే అన్నిటికన్నా మంచిది. కార్లుండవు. ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం మాత్రం కిక్కిరిసి ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. కొన్ని చోట్ల పార్కింగ్‌లోకి వెళ్లే కార్లు గ్రీన్‌వేను దాటుతాయి. అక్కడ సిగ్నల్ ఉంటుంది, ఆగండి.

సెంట్రల్ పార్క్ లోపలి రోడ్ల మీద 2018 నుంచి కార్లు లేవు. అక్కడ అందరూ గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, ఒకే వైపు తొక్కాలి. పూర్తి చుట్టు సుమారు 10 కిలోమీటర్లు, ఉత్తరం వైపు బాగా ఎత్తు ఎక్కాలి. బరువైన మామూలు సైకిల్‌తో కొత్తవాళ్లు దాన్ని 30 నిమిషాల్లో ముగించలేరు. సింగిల్ రైడ్ మీద ఉన్నవాళ్లకు అదనపు చార్జీ ఎక్కువగా ఇక్కడే పడుతుంది. సగం చుట్టి, పార్క్ అంచున ఉన్న స్టేషన్‌లో సైకిల్ పెట్టేయండి. డే పాస్ ఉంటే అక్కడే ఇంకోటి తీసుకోవచ్చు.

6. ట్రాఫిక్‌లో తొక్కడం

ఎక్కడ తొక్కాలి? ఫుట్‌పాత్ మీద కాదు, న్యూయార్క్‌లో పెద్దవాళ్లకు అది నిషేధం. లేన్ ఉంటే లేన్‌లో. లేని ఇరుకు వీధిలో అంచుకు నక్కి తొక్కకండి. నక్కితే వెనక కారు మిమ్మల్ని రాసుకుంటూ దాటాలని చూస్తుంది. ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు దూరంలో, అడ్డదిడ్డంగా కాకుండా తిన్నగా ఒకే గీతలో వెళ్లండి.

ఆ మీటరు దూరం కారు తలుపుల కోసం. ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకోవడం ఇక్కడ సైకిలెక్కేవాళ్లకు పెద్ద గండం. కుడి అంచున ఆగిన కారులో డ్రైవర్ తలుపు మీ వైపే తెరుచుకుంటుంది. బ్రేకు లైటు అప్పుడే ఆరిన కారు, సీటులో తల కనబడుతున్న కారు, ఆగిన ట్యాక్సీ: ఈ మూడింటి దగ్గర వేగం తగ్గించి, వేళ్లు బ్రేకుల మీద ఉంచండి. తలుపు తప్పించడానికి ఎడమకు విసురుగా తిప్పకండి, వెనక వచ్చే లారీ కిందకు వెళ్తారు.

అవెన్యూల మీద లేన్‌లు. ఫస్ట్, ఎయిత్ అవెన్యూలు ఉత్తరానికి, సెకండ్, నైన్త్ అవెన్యూలు దక్షిణానికి వెళ్తాయి. వీటి రక్షిత సైకిల్ లేన్లు రోడ్డు ఎడమ అంచున ఉంటాయి, వాటికీ వాహనాలకీ మధ్య ఆగి ఉన్న కార్లుంటాయి. బ్లాకు మధ్యలో హాయిగానే ఉంటుంది. చిక్కంతా కూడలి దగ్గర. ఎడమకు తిరిగే కారు మీ లేన్‌ను కోసుకుంటూ వెళ్లాలి. మీకు ఆకుపచ్చ ఉన్నా కూడలికి ముందే కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. ఎడమ ఇండికేటర్ వేసిన కారు ఉంటే డ్రైవర్ కళ్లు మీ మీద పడ్డాయని తెలిసేదాకా ముందుకు వెళ్లకండి.

లారీలు, బస్సులు. తిరగబోతున్న లారీ పక్క సందులోకి ఎప్పుడూ దూరకండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా సరే, వెనకే ఉండండి. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే అతనికి మీరు కనబడరు.

సిగ్నళ్లు. ఎర్ర లైటుకు ఆగాలి. న్యూయార్క్ నగరంలో ఒక వెసులుబాటు ఉంది: 2019 నుంచి సైకిలిస్టులు పాదచారుల నడక గుర్తు వెలగగానే, కార్లకు ఇంకా ఎరుపు ఉన్నా, కదలొచ్చు. ఆ కొన్ని సెకన్లు తిరిగే కార్లకన్నా ముందు కూడలి దాటడానికి బాగా పనికొస్తాయి. నడిచేవాళ్లకు దారి ఇవ్వడం మాత్రం తప్పనిసరి.

ఎర్ర లైటుకు కుడి మలుపు విషయంలో రెండు రాష్ట్రాల తీరు వేరు. న్యూయార్క్ నగరంలో తిరగొచ్చని బోర్డు ఉంటే తప్ప కార్లు తిరగకూడదు. జెర్సీ సిటీలో వద్దని బోర్డు లేకపోతే ఆగి తిరగొచ్చు. కాబట్టి జెర్సీ సిటీలో సిగ్నల్ దగ్గర కారుకు కుడి పక్కన నిలబడకండి.

ఎడమ మలుపు రెండు దశల్లో:

1. ఎడమకు జరగకుండా మీ లేన్‌లోనే నేరుగా కూడలి దాటండి.
2. అవతలి మూలకు చేరాక, నడిచేవాళ్ల గీతలకు అడ్డం రాకుండా ఆగండి. కొన్ని చోట్ల దీనికోసమే రోడ్డు మీద ఆకుపచ్చ పెట్టె గీసి ఉంటుంది.
3. సైకిల్‌ను ఎడమ దిశకు తిప్పి నిలబెట్టండి.
4. ఆ వైపు ఆకుపచ్చ రాగానే నేరుగా వెళ్లండి.

ఒక్క సిగ్నల్ ఎక్కువ ఆగాలి, అంతే. వాహనాల మధ్యగా మూడు లేన్లు దాటే పని తప్పుతుంది.

లేన్‌లో వ్యాన్ ఆగి ఉంటే: దాని దాకా వెళ్లి ఒక్కసారిగా బయటికి రాకండి. 15, 20 మీటర్ల ముందే వెనక్కి చూసి, చేయి చూపించి, ఖాళీ దొరికాక జరగండి. దొరక్కపోతే దిగి నడిపించండి.

వానలో: ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, తవ్విన చోట పరిచే ఇనుప రేకులు, తెల్ల రంగు గీతలు జారతాయి. వాటి మీద బ్రేకు వేయకండి, మలుపు తిప్పకండి. జెర్సీ సిటీలో ఎసెక్స్ స్ట్రీట్ మీద లైట్ రైల్ పట్టాలు రోడ్డులోనే ఉన్నాయి. వాటిని వీలైనంత అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో దాటండి. ఏటవాలుగా దాటితే చక్రం పట్టా సందులో ఇరుక్కుని పడిపోతారు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. న్యూయార్క్ చట్టం ఒక్క చెవికి మించి ఒప్పుకోదు. వెనక నుంచి డెలివరీ ఈ-బైక్ వస్తున్న చప్పుడు వినబడాలంటే ఆ ఒక్కటి కూడా తీసేయాలి.

7. తిరిగి డాక్‌లో పెట్టడం

డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

1. సైకిల్ దిగి, డాక్‌కు సరిగ్గా ఎదురుగా నిలబెట్టండి.
2. ముందు చక్రాన్ని కాస్త ఊపుతో లోపలికి నెట్టండి.
3. ఆకుపచ్చ లైటు వచ్చేదాకా అక్కడే ఉండండి.
4. సీటు పట్టి వెనక్కి లాగి చూడండి. రాకూడదు.
5. యాప్‌లో రైడ్ ముగిసిందని చూశాకే కదలండి.

చిక్కులు, వాటికి పరిష్కారాలు:

- లైటు రాలేదు: బయటికి లాగి మళ్లీ గట్టిగా నెట్టండి. డాక్ నోట్లో ఆకులు, మంచు ఉంటే తీసేయండి. అయినా రాకపోతే పక్క డాక్.
- సైకిల్ లాక్ అయింది, యాప్‌లో రైడ్ నడుస్తూనే ఉంది: సైకిల్ నంబరు, డాక్ కనబడేలా ఫోటో తీసి వెంటనే కస్టమర్ సర్వీస్‌కు చెప్పండి. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకుంటే ఈలోగా ఎవరైనా దాన్ని తీయొచ్చు, మీటర్ మీ పేరునే తిరుగుతుంటుంది.
- స్టేషన్ నిండిపోయింది: ఆ సంగతి తెలియజేస్తే అదనంగా 15 నిమిషాలు ఇస్తారు. ముందే చూసుకున్న రెండో స్టేషన్‌కు వెళ్లండి. సైకిల్‌ను స్తంభానికి ఆనించి వెళ్లిపోతే 24 గంటల తర్వాత అది పోయినట్టే లెక్క.
- దారిలో టైరు పోయింది: నడిపించుకుంటూ దగ్గర్లోని స్టేషన్‌లో పెట్టి, స్పానర్ బటన్ నొక్కండి.

8. దెబ్బ తగిలితే, టికెట్ పడితే

కారు గుద్దితే లేచి "ఐయామ్ ఓకే" అని వెళ్లిపోకండి. నొప్పి చాలాసార్లు మర్నాటికి గానీ బయటపడదు. రోడ్డు పక్కకు జరిగి 911కు ఫోన్ చేయండి, పోలీసు రిపోర్ట్ రాయించండి. కారు నంబర్ ప్లేట్, డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కార్డు, సైకిల్ నంబరు, చోటు: అన్నీ ఫోటో తీయండి. చూసినవాళ్ల ఫోన్ నంబరు అడగండి.

ఆసుపత్రి బిల్లుకు భయపడి చికిత్సకు వెళ్లనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తెలుసుకోవాల్సింది ఒకటుంది. న్యూయార్క్‌లో నో-ఫాల్ట్ చట్టం కింద, తప్పెవరిదన్నదానితో పని లేకుండా, సైకిలిస్టు వైద్య ఖర్చును గుద్దిన కారు ఇన్సూరెన్స్ భరించాలి. దానికోసం ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. అందుకే కారు వివరాలు లేకుండా అక్కణ్నుంచి కదలొద్దంటున్నాం. న్యూజెర్సీలో జరిగితే పద్ధతి వేరు, అక్కడ ముందు మీ సొంత లేదా ఇంట్లోవాళ్ల కారు పాలసీని చూస్తారు.

ఎర్ర లైటు దాటినందుకో, రాంగ్ రూట్‌కో పోలీసులు ఆపితే వాదించకండి. ఇచ్చిన కాగితంలో జరిమానా కట్టమని ఉందా, కోర్టుకు రమ్మని ఉందా అక్కడే చదవండి. 2025లో న్యూయార్క్ పోలీసులు ఇలాంటి కొన్ని ఉల్లంఘనలకు మామూలు టికెట్లకు బదులు క్రిమినల్ సమన్లు ఇచ్చారు. అలాంటి సమన్లు వస్తే, వాటిలో రాసిన తేదీకి హాజరు కాకపోతే వారెంట్ జారీ కావచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ కాగితాన్ని ఫోటో తీసి, తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, కోర్టుకు వెళ్లేముందే ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించాలి. విద్యార్థులైతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు కూడా చెప్పాలి.